తరగతి గదే రంగస్థలం

ప్రాచీన ఆలంకారికులు కావ్యాన్ని శ్రవ్యమని, దృశ్యమని రెండు విధాలుగా విభజించారు. విని ఆనందించేది శ్రవ్యకావ్యం. కన్నులారా చూసి, చెవులారా విని ఆనందించేది దృశ్యకావ్యం. నాటకం ఈ రెండో కోవకు చెందినది. కవి కూర్చిన మాట నటుని నోట పలికి, అతని చూపులో, నడకలో, చేతి కదలికలో రూపు కట్టినప్పుడే నాటకానికి పరిపూర్ణత సిద్ధిస్తుంది. కావ్యభేదాలన్నింటిలోనూ నాటకం రమ్యమైనదని పెద్దలు చెప్పడానికి కారణం ఇదే. పండితుడూ పామరుడూ ఒకే చోట కూర్చొని, ఎవరి సంస్కారానికి తగినట్లు వారు దానిని ఆస్వాదించగలరు.

ఇటువంటి ప్రక్రియ ఉన్నత పాఠశాల తరగతి గదిలోకి వచ్చేసరికి తరచుగా మూగబోతున్నది. ఉపాధ్యాయుడు నాటక పాఠ్యభాగాన్ని తానే చదువుతాడు. కఠిన పదాలకు అర్థాలు చెబుతాడు. పాత్రల స్వభావాలను నల్లబల్లపై రాయిస్తాడు. విద్యార్థులు వాటిని వల్లించి పరీక్షలో అప్పగిస్తారు. గిరీశం స్వభావాన్ని గురించి పుటెడు జవాబు రాయగల విద్యార్థి గిరీశం మాటలకు ఒక్కసారైనా నవ్వి ఉండకపోవచ్చు. హరిశ్చంద్రుని సత్యసంధతకు ఉదాహరణలు ఇవ్వగల విద్యార్థిని కాటిసీనులో చంద్రమతి దుఃఖానికి ఒక్క క్షణమైనా చలించి ఉండకపోవచ్చు. మార్కులు వస్తాయి, కాని నాటకం మాత్రం వారికి అందదు. ఈ లోపాన్ని సవరించడానికి తరగతి గదిలో ప్రదర్శించడం ద్వారా నాటకాన్ని బోధించడమే సరైన మార్గం. ఇది వేడుక కోసం చేసే పని కాదు. నాటకాన్ని చదివే పద్ధతులలో ఇదీ ఒకటి, నాటక స్వభావానికి అన్నిటికన్నా సన్నిహితమైనది కూడా ఇదే.

ఈ పద్ధతి సిద్దిపేట వంటి ప్రాంతానికి కొత్తగా నేర్పవలసినది కాదు. 2016 అక్టోబరు 11న పూర్వపు మెదక్ జిల్లా నుంచి విడివడి, ఇరుగుపొరుగు జిల్లాల మండలాలను కొన్నింటిని కలుపుకొని ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో కొమురవెల్లి మల్లన్న క్షేత్రం ఉన్నది. అక్కడి జాతరలో వినిపించే ఒగ్గుకథ తెలంగాణ ప్రదర్శన కళలలో విశిష్టమైనది. ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. డోలు, తాళాల మోత నడుమ ప్రధాన కథకుడు మల్లన్న కథనో, బీరప్ప కథనో, ఎల్లమ్మ కథనో అందుకుంటాడు. వంత పాడేవారు మాట కలుపుతారు. కథకుడు కొంతసేపు కథ చెబుతాడు. మరుక్షణం కంఠం మార్చి రాజవుతాడు. భుజంమీది వస్త్రాన్ని తలపైకి లాగి కొంగుగా చేసుకొని తల్లి అవుతాడు. అతనికి తెర లేదు, అలంకరించిన వేదిక లేదు. అయినా చుట్టూ కూర్చున్న వారికి అడవీ కనిపిస్తుంది, అంతఃపురమూ కనిపిస్తుంది.

అదే జిల్లాలోని చేర్యాల పేరు వినగానే నకాషీ చిత్రపటాలు గుర్తుకు వస్తాయి. చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూసిన వస్త్రంపై ఎర్రని నేపథ్యంలో కథాఘట్టాలను వరుసగా చిత్రించడం ఈ కళ ప్రత్యేకత. నేడు గోడలకు అలంకారంగా వేలాడుతున్న ఈ పటాలు పుట్టింది అలంకారం కోసం కాదు. కథ చెప్పే కళాకారుల చేతిలో అవి ప్రదర్శన సాధనాలు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవారు ఇటువంటి పటాన్ని ఒక్కొక్క గడిగా విప్పుతూ, పాటతో, మాటతో, అభినయంతో రాత్రంతా కథ నడిపేవారు. చిత్రం, వచనం, గానం, నటన విడివిడి విద్యలుగా కాక ఒకే ప్రదర్శనలో అంగాలుగా అక్కడ కలిసి ఉంటాయి.

ఈ రెండు కళారూపాలు తరగతి గదికి ఒక ముఖ్యమైన విషయాన్ని బోధిస్తున్నాయి. ప్రదర్శనకు కావలసిన సామగ్రి చాలా స్వల్పం. ఒక కండువా, ఒక కంఠం, వినే నలుగురు ఉంటే చాలు. పాఠశాలలో వేదిక లేదనీ, దుస్తులు లేవనీ, నిధులు లేవనీ నాటక ప్రదర్శనను వాయిదా వేయడం ఒగ్గుకథను, పటం కథను ఎరిగిన ప్రాంతంలో సమంజసం కాదు. జాతరలో కళ్లెదుట కథ నడిచే తీరును చూసిన బాలుడు, పాఠశాలలో అదే కథాసంప్రదాయానికి చెందిన నాటకాన్ని మౌనంగా అచ్చులో చూడవలసి రావడం విచిత్రమైన పరిస్థితి. ఊరికి తెలిసిన విద్యను బడి కూడా గుర్తించినప్పుడు ఆ బాలునికి చదువుపట్ల పరాయితనం తగ్గుతుంది.

అయితే వ్యాఖ్యాన పద్ధతిని తక్కువ చేయడం ఉచితం కాదు. కాళిదాసు రఘువంశ, కుమారసంభవ, మేఘదూత కావ్యాలకు ప్రామాణిక వ్యాఖ్యానాలు రచించిన మల్లినాథసూరి మెదక్ జిల్లా కొలిచెలమకు, అంటే నేటి కొల్చారానికి చెందినవాడు. అన్వయం కుదిర్చి, పదపదానికీ అర్థం విప్పి, మూలంలో లేనిదేదీ చేర్చని ఆయన పద్ధతి నేటికీ ఆదర్శమే. ఈ మెతుకుసీమ ఒకవైపు అటువంటి వ్యాఖ్యాతను, మరొకవైపు నిరక్షరాస్యులైనా కథను కళ్లకు కట్టించగల కళాకారులను లోకానికి ఇచ్చింది. నాటక బోధనకు ఈ ఇద్దరి విద్యలూ కావాలి. అర్థం తెలియకుండా పలికే మాట చిలుకపలుకు అవుతుంది. పలికి చూడకుండా నేర్చుకున్న అర్థం పరీక్ష ముగిసిన వెంటనే మరుగున పడుతుంది.

భరతముని నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. శరీర చలనం, మాట, వేషం, మనసులోని భావం వీటికి ఆధారాలు. ఇవి నటులకు మాత్రమే పనికివచ్చే పారిభాషిక పదాలని భావించడం పొరపాటు. నాటకాన్ని చదివే ప్రతి విద్యార్థికీ ఇవి ప్రశ్నలుగా ఉపకరిస్తాయి. ఈ మాట అంటున్నప్పుడు పాత్ర కూర్చున్నదా, నిలబడినదా? ఎవరి ముఖంలోకి చూస్తున్నది? గొంతు పెంచినదా, తగ్గించినదా? నోటితో అంటున్నదీ, మనసులో అనుకుంటున్నదీ ఒకటేనా? ఒకే వాక్యాన్ని వినయంగా పలికితే ఒక అర్థం, వెటకారంగా పలికితే మరొక అర్థం వస్తుంది. ఏది సరైనదో నిర్ణయించడానికి విద్యార్థి ముందువెనుకల సంభాషణలను మళ్లీ మళ్లీ చదవవలసి వస్తుంది. ఉపాధ్యాయుడు ఎంత చెప్పినా కలగని పఠనాసక్తి ఈ అవసరం వల్ల దానంతట అదే కలుగుతుంది.

చరిత్రను పరిశీలిస్తే ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు విద్యార్థులే తొలి నటులని తెలుస్తుంది. రాజమహేంద్రవరంలో తెలుగు పండితునిగా ఉన్న కందుకూరి వీరేశలింగం 1880లో తన విద్యార్థులతో సమాజాన్ని ఏర్పరచి నాటకాలు ఆడించారు. వాటిలో షేక్‌స్పియర్ రచించిన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు తెలుగు రూపమైన ‘చమత్కార రత్నావళి’ ఒకటి. అప్పటికి తెలుగులో నాటక రచన ఆరంభమైనా, ఆధునిక రీతిలో దానిని ఆడి చూపిన సమాజాలు లేవు. ఆ లోటును తీర్చినది వృత్తి నటులు కారు, ఒక ఉపాధ్యాయుడూ ఆయన శిష్యులూ. వీరేశలింగం జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడంలో బడికీ నాటకానికీ గల ఈ తొలి బంధం కూడా ఇమిడి ఉన్నది.

ఇతర ప్రాంతాలలోనూ ఆలోచనాపరులైన విద్యావేత్తలు ఈ మార్గాన్నే అనుసరించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో పాఠశాలను స్థాపించి, అక్కడి పిల్లలు ఆడుకోవడానికి 1908లో ‘శారదోత్సవ్’ నాటకాన్ని రచించారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణంలో పర్స్ పాఠశాల ఉపాధ్యాయుడు కాల్డ్‌వెల్ కుక్, షేక్‌స్పియర్ నాటకాలను పిల్లలచేత ఆడిస్తూ బోధించి, తన అనుభవాలను 1917లో ‘ది ప్లే వే’ అనే గ్రంథంగా వెలువరించారు. తొంభై ఏళ్ల తరువాత, 2008లో, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ పాఠశాలలకు చేసిన సూచనల సారాంశం కూడా ఇదే. నాటకాన్ని లేచి నిలబడి చేయాలి, ప్రదర్శనను ప్రత్యక్షంగా చూడాలి, చిన్న వయసులోనే ఆరంభించాలి అని ఆ సంస్థ కోరింది.

పిల్లల ప్రదర్శనకు ఎంతటి శక్తి ఉన్నదో చెప్పే గంభీరమైన సంఘటన ఒకటి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జరిగింది. నాజీల నిర్బంధంలో ఉన్న వార్సా నగరపు యూదుల వాడలో యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు అనాథ శరణాలయాన్ని నడుపుతుండేవారు. 1942 జులైలో అక్కడి పిల్లలు ఠాగూర్ ‘డాక్‌ఘర్’ నాటకాన్ని ప్రదర్శించారు. జబ్బుపడి గది దాటలేని అమల్ అనే బాలుడు కిటికీలోంచి లోకాన్ని చూస్తూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూడడం ఆ నాటకంలోని కథ. మరుసటి నెలలోనే దాదాపు 200 మంది పిల్లలను, వారిని విడిచిపెట్టడానికి నిరాకరించిన కోర్చాక్‌ను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు. ఆ పిల్లలు ఏ బహుమతి కోసమూ, ఏ మార్కుల కోసమూ ఆ నాటకం ఆడలేదు. దూరదేశపు కవి రాసిన మాటలలో తమ జీవితాన్ని తాము చూసుకోవడానికి ఆ ప్రదర్శన వారికి ఆధారమైంది. ఉత్తమ నాటకానికి పిల్లలు చిన్నవారనీ, వారికి అది అందదనీ అనుకునేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

ఇక్కడ వార్షికోత్సవ ప్రదర్శనకూ, తరగతి గది ప్రదర్శనకూ గల భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. వార్షికోత్సవంలో నాటకం వేయడానికి చురుకైన నలుగురైదుగురిని ఎంపిక చేస్తారు. వారు నెల రోజులు సాధన చేస్తారు. మిగిలినవారు కింద కూర్చొని చప్పట్లు కొడతారు. ఆ నలుగురైదుగురూ ఇదివరకే ధైర్యంగా మాట్లాడగలవారు. ఎవరికి ఆ అవకాశం నిజంగా అవసరమో వారికి అది అందదు. తరగతి గది ప్రదర్శనలో నలభైమంది విద్యార్థులకూ తలా ఒక మాట దొరకాలి. తప్పు పలికినా, మధ్యలో మరచిపోయినా నష్టం లేదు. అక్కడ చూసేవారు లేరు, అందరూ చేసేవారే. వెనుక వరుసలో కూర్చొని సంవత్సరమంతా నోరు విప్పని బాలిక, పాత్ర పేరు చాటున మొదటిసారి గొంతు విప్పగలిగితే ఆ పాఠానికి అంతకన్నా మంచి ఫలితం ఉండదు.

ఈ పద్ధతికి ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. విజయనగరం మహారాజా కళాశాలలో అధ్యాపకునిగా పనిచేసిన గురజాడ అప్పారావు రచించిన ఈ నాటకం 1892లో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. సమగ్రంగా మార్చి రాసిన రెండో కూర్పు 1909లో వెలువడింది. డబ్బు పుచ్చుకొని పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టే దురాచారం దీనికి ఇతివృత్తం. విజయనగరం మహారాజు ఆజ్ఞపై తయారైన జాబితాను గురించి గురజాడ తొలి కూర్పు పీఠికలో పేర్కొన్నారు. విశాఖపట్నం జిల్లాలో సాధారణ బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల వ్యవధిలో జరిగిన 1,034 కన్యాశుల్క వివాహాలు అందులో నమోదయ్యాయి. ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్ల పసివారు. ఈ అంకెలను బోర్డుపై రాస్తే విద్యార్థులు సమాచారంగా గ్రహిస్తారు. నాటకంలోని ఒక రంగాన్ని ఆడిస్తే అదే విషయం వారి మనసును తాకుతుంది.

అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కుమార్తె సుబ్బిని లుబ్ధావధాన్లనే వృద్ధునికి ఇవ్వడానికి నిశ్చయిస్తాడు. పెద్ద కుమార్తె బుచ్చమ్మ ఇటువంటి పెళ్లి వల్లనే బాల్యంలో వితంతువై అదే ఇంట్లో ఉన్నది. భార్య వెంకమ్మకు ఈ సంబంధం సమ్మతం కాదు. ఆమె సోదరుడు కరటకశాస్త్రి దానిని తప్పించడానికి ఉపాయం పన్నుతాడు. ఈ ఘట్టాన్ని ఆడించేటప్పుడు ఉపాధ్యాయుడు ఒక చిన్న ఏర్పాటు చేయవచ్చు. పెద్దలు వాదులాడుకుంటున్నంతసేపూ సుబ్బిగా ఒక విద్యార్థినిని నడుమ మౌనంగా నిలబెట్టాలి. పుస్తకంలో చదువుతున్నప్పుడు సంభాషణలే కనిపిస్తాయి, మాట్లాడనివారు కనిపించరు. ప్రదర్శనలో మాత్రం ఆ మౌనం అందరి కళ్లెదుటా నిలుస్తుంది. ఎవరి జీవితం గురించి ఇంత మాట నడుస్తున్నదో ఆ పిల్లను ఎవరూ అడగడం లేదన్న సంగతి ఎవరూ వివరించకుండానే తరగతికి బోధపడుతుంది. ఆ తరువాత ‘అక్కడ నిలబడినప్పుడు నీకేమనిపించింది?’ అని ఆ విద్యార్థినిని అడిగితే, ఆమె ఇచ్చే సమాధానం ఏ గైడులోనూ దొరకనిది.

కన్యాశుల్కం నేడు లేదు కనుక ఈ నాటకం గతకాలపు ముచ్చట అనుకోవడానికి వీలులేదు. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చినా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న స్త్రీలలో దాదాపు 23 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే వివాహం జరిగింది. తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే బాలికల వయసు 14, 15 సంవత్సరాలు. చదువు మానిపించి పెళ్లి చేయాలన్న మాట ఇళ్లలో తొలిసారి వినిపించే వయసు కూడా ఇదే. సుబ్బి పక్షాన తరగతిలో ఒకసారి మాట్లాడిన బాలికకు, అవసరమైననాడు తన పక్షాన తాను మాట్లాడడానికి కొంత సాధన లభించినట్లే. పక్కన నిలబడి విన్న బాలునికి కూడా రేపు అన్నగా, తండ్రిగా తన కర్తవ్యమేమిటో ఆలోచించుకునే అవకాశం లభిస్తుంది.

భాష విషయంలోనూ ప్రదర్శన ఉపకరిస్తుంది. ‘కన్యాశుల్కం’ ఉత్తరాంధ్ర వాడుక భాషలో రాసిన నాటకం. సిద్దిపేట ప్రాంతపు విద్యార్థి ఇంట్లో మాట్లాడే తెలుగు అందుకు భిన్నమైనది. పాఠ్యగ్రంథాలలోని ప్రమాణ భాష ఈ రెండింటికీ భిన్నమైనది. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉన్నచోట ఇంట్లో ‘వచ్చిండు’ అనే బాలుడు, తన నోటి మాటే తప్పని భావించి తరగతిలో మౌనం వహించడం సామాన్యం. నాటక రంగాన్ని మొదట తమ మాటల్లో, తమ యాసలో ఆడమని విద్యార్థులకు చెప్పాలి. కథ వారికి పట్టుబడిన తరువాత మూలంలోని మాటలకు తీసుకురావాలి. గురజాడ తన ప్రాంతపు నోటి మాటకు గొప్ప నాటకంలో గౌరవస్థానం ఇచ్చాడన్న సత్యం అప్పుడు వారికి తెలుస్తుంది. ఏ యాసా తక్కువ కాదన్న గ్రహింపు కలుగుతుంది. అయితే మూలాన్ని పూర్తిగా విడిచి సొంత మాటల వద్దనే ఆగిపోతే మాత్రం అది నాటక బోధన కాదు. కవి ఈ మాటనే ఎందుకు వాడాడన్న ప్రశ్నకు సమాధానం మూలంలోనే దొరుకుతుంది.

పద్యనాటకాల విషయంలో ఈ ప్రయోజనం మరింత స్పష్టం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకంలోని రాయబార ఘట్టాన్ని, బలిజేపల్లి లక్ష్మీకాంత కవి హరిశ్చంద్ర నాటకంలోని వారణాసి ఘట్టాన్ని తెలుగు పల్లెలు తరతరాలుగా ఆదరించాయి. అక్షరజ్ఞానం లేనివారు సైతం ఆ పద్యాలను కంఠస్థం చేసి పొలం గట్లమీద పాడుకున్నారు. ఛందస్సు తెలియనివారికి యతిస్థానం దగ్గర ఊపిరి ఎలా నిలపాలో తెలుసు. గణవిభజనను కేవలం గురులఘువుల గుర్తులుగా నేర్చుకునే విద్యార్థి పద్యాన్ని పాత్రోచితంగా పాడి చూస్తే, సమాసం ఎక్కడ విరగాలో, భావం ఎక్కడ ముగుస్తుందో వానికి దానంతట అదే తెలుస్తుంది. రాగం తీయడమే పరమావధి కాకూడదు. కృష్ణుడు ఎవరితో, ఏ ఉద్దేశంతో ఆ పద్యం చెబుతున్నాడో వినేవారికి తెలియడం ప్రధానం.

ఈ పద్ధతిపై కొన్ని ఆక్షేపణలు ఉన్నాయి. మొదటిది కాలం చాలదన్నది. పదో తరగతి పరీక్షల ఒత్తిడి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు తెలిసినదే. కాని నాటకమంతా ఆడించనవసరం లేదు. ఒక్క రంగం చాలు. ఐదు పీరియడ్లలో ఈ పని ముగించవచ్చు. మొదటి పీరియడ్‌లో కథా నేపథ్యం, కఠిన పదాల వివరణ. రెండో పీరియడ్‌లో విద్యార్థులు బృందాలుగా ఏర్పడి ప్రతి మాటకూ ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారో గుర్తించడం. మూడో పీరియడ్‌లో చెట్టు కిందనో, వరండాలోనో సాధన. నాలుగో పీరియడ్‌లో ప్రదర్శన. ఐదో పీరియడ్‌లో చర్చ, రచన. పాత్ర స్వభావాన్ని రాయించి వల్లింపజేయడానికి కూడా ఇంచుమించు ఇంత కాలమే పడుతుంది.

రెండో ఆక్షేపణ తరగతిలో విద్యార్థుల సంఖ్య ఎక్కువన్నది. ఒకే రంగాన్ని నాలుగైదు బృందాలకు ఇవ్వడం దీనికి పరిష్కారం. ఒక బృందం అగ్నిహోత్రావధాన్లను కోపిష్టిగా చూపుతుంది. మరొక బృందం అతనిని అప్పులకు, పరువుకు భయపడే తండ్రిగా చూపుతుంది. రెండింటిలో ఏది మూలానికి దగ్గరగా ఉన్నదన్న చర్చ అప్పుడు మొదలవుతుంది. సాహిత్య విమర్శకు తొలి పాఠం ఇదే. ఇక గోల అవుతుందన్నది నిజమే. నలభైమంది ఒకేసారి మాటలు వల్లిస్తుంటే పక్క తరగతికి వినిపిస్తుంది. ఆ గోల పనిలో ఉన్న తరగతి గోల అని ప్రధానోపాధ్యాయుడు ముందుగానే గ్రహించి సహకరించాలి.

తాము నటులం కామని ఉపాధ్యాయులు సంకోచించడం మూడో అడ్డంకి. ఇందుకు నటనా కౌశలం అవసరం లేదు. మంచి ప్రశ్నలు వేయడం, తప్పు పలికిన పిల్లవానిని నవ్వులపాలు కానివ్వకపోవడం తెలిస్తే చాలు. స్థానికంగా ఉన్న ఒగ్గు కళాకారులను, పద్యనాటక కళాకారులను ఒకరోజు పాఠశాలకు ఆహ్వానిస్తే గొంతు నిలపడం, పాత్ర మారడం వారు క్షణంలో చూపగలరు. ఆ కళాకారుల పిల్లలు అదే బడిలో చదువుతుండవచ్చు. తమ ఇంటి విద్యకు బడిలో జరిగే గౌరవాన్ని వారు చూడడం కూడా విద్యాలక్ష్యాలలో భాగమే.

నాలుగో ఆక్షేపణ మరింత ఆలోచించదగినది. ప్రాచీన, ఆధునిక నాటకాలలో నేటి విలువలకు సరిపడని మాటలు ఉంటాయి. కులాలను, స్త్రీలను కించపరిచే పలుకులు పాత్రల నోట వస్తాయి. వీటిని పిల్లలచేత పలికించడం తగునా అన్న సందేహం సహజం. రంగాల ఎంపికలో వివేకం చూపడం, ఆ పలుకులు పాత్రవే కాని ఆదర్శం కావని చర్చించడం ఇందుకు మార్గాలు. పాత్రల పంపకంలో మరింత జాగ్రత్త కావాలి. నల్లగా ఉన్నవానికి రాక్షస పాత్ర, పేదింటివానికి సేవకుని పాత్ర, ఆడపిల్లలకు ఏడ్చే పాత్రలు ఇచ్చే అలవాటును తక్షణమే మానాలి. పాత్రలను చీట్లు తీసి పంచడం మేలు. పూర్వం స్థానం నరసింహారావు సత్యభామగా, మధురవాణిగా నటించి ప్రేక్షకులను మెప్పించారు. 1885లో ‘కీచకవధ’తో ఆరంభమైన సురభి సమాజంలో కుటుంబ స్త్రీలు వేదికనెక్కి నటించారు. కనుక బాలిక గిరీశంగా, బాలుడు బుచ్చమ్మగా మాట్లాడడం సంప్రదాయానికి విరుద్ధం కాదు. ఎదుటివారి స్థానంలో నిలబడి చూడడమే నాటకం ఇచ్చే సంస్కారం.

విద్యావిధాన పత్రాలు ఈ భావనకు అనుకూలంగానే ఉన్నాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సంగీత, నృత్య, చిత్రకళలతోపాటు నాటకాన్ని కూడా పాఠశాల విద్యలో అంతర్భాగం చేయాలని సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం కళలతో మేళవించిన బోధనను ప్రోత్సహించింది. 2015లో కేంద్ర ప్రభుత్వం ఉన్నత పాఠశాల స్థాయి విద్యార్థులకు ‘కళా ఉత్సవ్’ పోటీలను ఆరంభించింది. పోటీలు మంచివే, కాని అవి గెలిచే కొద్దిమందిని వెదకుతాయి. ఈ సూచనలు ప్రతి విద్యార్థికీ చేరాలంటే పరీక్షా విధానంలోనూ మార్పు రావాలి. పాత్ర స్వభావాన్ని వివరించమనే ప్రశ్నతోపాటు, ‘ఈ మాటను ఏ కంఠస్వరంతో పలకాలి? ఎందుకు?’ అన్న ప్రశ్న కూడా ప్రశ్నపత్రంలో ఉండాలి. నాటకాన్ని పలికి చూసిన విద్యార్థి మాత్రమే దానికి సమాధానం రాయగలడు. పరీక్ష అడిగినదానినే తరగతి నేర్పుతుంది కనుక ఈ మార్పు చిన్నదైనా ఫలితం గొప్పది.

ప్రదర్శన వ్యాఖ్యానానికి ప్రత్యామ్నాయం కాదు, పఠనానికి అంతకన్నా కాదు. వేషాలూ దీపాలూ ప్రధానమై మూలంలోని మాట మరుగున పడితే నాటకం కేవలం వినోదంగా మిగులుతుంది. ప్రదర్శన ముగిసిన తరువాత విద్యార్థి మళ్లీ పుస్తకం తెరవాలి. మొదటిసారి చదివినప్పుడు కనిపించనిదేదో ఈసారి కనిపించిందా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. అవును అన్న సమాధానం వస్తే ఆ ఐదు పీరియడ్లు సార్థకమైనట్లే.

కవి నాటకాన్ని మౌనపఠనం కోసం రాయడు, నలుగురి నోట పలకడం కోసం రాస్తాడు. ఆ నలుగురిలో సిద్దిపేట పల్లెల్లోని ప్రభుత్వ పాఠశాల విద్యార్థి కూడా ఒకడు కావాలి. ఏటా వేదికనెక్కే నలుగురైదుగురికి మాత్రమే పరిమితమైన గొంతు తరగతిలోని ప్రతి ఒక్కరికీ దక్కాలి. అందుకు కొత్త భవనాలు, ఖరీదైన సామగ్రి అవసరం లేదు. బల్లలు పక్కకు జరిపితే తరగతి గదిలోనే చోటు దొరుకుతుంది. బల్లలు జరపడానికి ఉపాధ్యాయుడు సిద్ధపడాలి, ఆ గంటకు పాఠశాల విలువ ఇవ్వాలి.